బస్సు రాని బస్టాండు

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆమె టైలరమ్మ. ఊరు వదిలి నాలుగు దేశాల్లో చెల్లాచెదురైన వాళ్ళకు మాత్రం వదిన. నిజానికి ఆమె వదిన అయింది ఒక్కడికే, భర్త తమ్ముడికి. అతను పరాయిదేశంలో భవనాలు కట్టే పనిలో ఉంటూ, ఈ ఊరినుంచి వెళ్ళినవాళ్ళందరినీ పోగుచేసి సేవా సంఘం అని ఒకటి పెట్టి, దానికి అధ్యక్షుడై కూర్చున్నాడు. అధ్యక్షుడికి వదిన అయినావిడ సంఘమంతటికీ వదినే కదా అని వాళ్ళలో ఎవరో అన్నారట. ఆ మాట అన్నది ఎవరో తెలిస్తే ఆమె కత్తెర పట్టుకుని వెళ్ళేదే.

ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. నేలమీద ఒకవైపు కత్తిరించిన గుడ్డలు, ఇంకోవైపు కాజాలు కుట్టాల్సిన స్కూలు యూనిఫారాలు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సరిగ్గా నోట్లో గుండుసూదులు ఉన్నప్పుడే ఫోను మోగుతుంది. మరిది పంపిన ఫోనే అది, కెమెరా బాగుంటుందని ఏరికోరి పంపాడు. అది ఇంట్లో అడుగుపెట్టిన రోజే తన కొంప మునిగిందని ఆమె ఇప్పటికీ అంటుంది. "వదినా, కాస్త లైబ్రరీ దాకా వెళ్ళి ఒక ఫొటో తీసి పెట్టవా?" "వదినా, మేస్త్రీ పనికి వచ్చాడో లేదో కాస్త చూసి చెప్పవా?" కాస్త, కాస్త అంటూనే ఆమెను కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేలా చేశారు. ఆ తిరుగుడులో ఎవరి చొక్కాకో చేతులు తిరగబడేవి. ఆ తిట్లు మాత్రం ఆమె ఒక్కతే తినేది.

పోనీ వాళ్ళేమైనా చెడ్డవాళ్ళా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే నాలుగు దులిపేసి హాయిగా మిషను తొక్కుకునేది. ఒకడు ఓడలో వంటవాడు. ఒకామె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఇంకొకడు టాక్సీ నడుపుతాడు. ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించిన దాంట్లోంచి తీసి పంపుతారు. చుక్క వాన పడని ఏడు ఊరి గొంతు తడిపింది వాళ్ళు పంపిన ట్యాంకర్లే. డిస్పెన్సరీ పైకప్పు వాళ్ళ పుణ్యమే. అది ఎవరూ కాదనరు, ఆమె అసలే కాదనదు. కానీ ఆ రెండు పనులతో నలుగురూ మెచ్చుకునేసరికి వాళ్ళు ఆ రుచి మరిగారు. అక్కడినుంచి మొదలైంది ఆమెకు తలనొప్పి.

ఏమిటంటే, వాళ్ళు బాగుచేయాలనుకునే ఊరు ఇక్కడ లేదు. వాళ్ళ బుర్రల్లో ఉంది. పాత బడి భవనంలో లైబ్రరీ పెట్టారు. బడి ఎప్పుడో కాలువ అవతలికి వెళ్ళిపోయిందని ఆమె మొత్తుకుంది. "బడి పక్కన లైబ్రరీ ఉంటే పిల్లలకు ఎంత బాగుంటుందో వదినా!" అని మురిసిపోయారు వాళ్ళు. ఇప్పుడు ఆ లైబ్రరీ మెట్లమీద కుక్కలు పడుకుంటాయి. తర్వాత వీధిలైట్లు. జనం కాపురముంటున్న ఎగువవీధి చీకట్లోనే ఉండిపోయింది, స్తంభాలన్నీ తెచ్చి పాతవీధిలో పాతారు. పాతవీధిలో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. ఆ ఇళ్ళన్నీ సంఘం సభ్యులవే, అన్నింటికీ తాళాలే. ఎవరికివారు తమ గేటు ముందే స్తంభం ఉండాలని పట్టుబట్టడంతో వీధికి ఇరుపక్కలా స్తంభాలు ముందుకు చొచ్చుకొచ్చాయి. చీకటిపడితే తాళాలు ధగధగా మెరుస్తాయి.

ఇదంతా చెబితే వింటారా? సంఘానికి ఒక నియమం ఉంది. చందా ఇచ్చినవాళ్ళకే ఓటు. ఊళ్ళో ఉన్నవాళ్ళు చందా ఇవ్వరు కాబట్టి ఊరి సంగతిలో ఊళ్ళోవాళ్ళకు ఓటు లేదు. ఆదివారం ఆదివారం ఫోన్లో మీటింగు పెట్టుకుంటారు. ఒకళ్ళకు తెల్లవారుతుంటుంది, ఒకళ్ళకు పొద్దుగుంకుతుంటుంది, ఇంకొకళ్ళు డ్యూటీ మధ్యలో మూలకు నక్కి మాట్లాడతారు. ఆమె పని ఫొటోలు చూపించడం, మేస్త్రీకి కబురు చెప్పడం, తిట్లు తినడం.

"వాళ్ళకు చెప్పడమంటే గోడకు చెప్పుకున్నట్టే," అని ఆమె భర్త దగ్గర వాపోయేది. అతను పక్క పట్నంలో లారీల షెడ్డులో మెకానిక్కు, వారానికోసారి ఇంటికొస్తాడు. మంచిమనిషి. ఎంత మంచిమనిషంటే, ఏం చెప్పినా ఒకటే మాట. "పోనీలే," అంటాడు. ఇల్లు అంటుకున్నా పోనీలే అనే రకం.

అన్నింటికీ పోనీలే అనుకుని ఆమె సర్దుకుపోయేది కూడా. కానీ కూతురి విషయంలో ఆ మాట నోటికి రాలేదు.

ఆ పిల్ల పట్నంలో నర్సింగు చదువుతోంది. పొద్దున్నే వెళ్ళి చీకటిపడే వేళకు తిరిగి వస్తుంది. బైపాస్ రోడ్డు పడ్డప్పటినుంచీ బస్సు ఊళ్ళోకి రావడం మానేసి, ఆ రోడ్డుమీదే నిలబెట్టి దింపి పోతోంది. అక్కడ స్టాపు అని పేరే గానీ ఒక కప్పు లేదు, ఒక దీపం లేదు. ఒక పంక్చరు దుకాణం, దాని ముందు పనిలేకుండా కూర్చుని వచ్చేపోయే ఆడపిల్లలను తేరిపార చూసే నలుగురు. లారీ పోతే బురద, ఎండాకాలమైతే దుమ్ము. మిషను ఆపేసి సాయంత్రం సాయంత్రం తల్లి ఎదురెళ్ళేది. యూనిఫారాల పని నెత్తిమీద పడినప్పుడు వెళ్ళలేకపోయేది. అలా వెళ్ళలేకపోయిన ఒకరోజు ఎవడో మోటారుసైకిలు మీద వెంటపడి, దింపుతాను ఎక్కమంటూ ఊళ్ళో మొదటి ఇల్లు వచ్చేదాకా వేధించాడు.

ఆ రోజు పిల్ల ఏడవలేదు. చెప్పులు కడుక్కుని లోపలికొచ్చి తాపీగా చెప్పింది.

"ఈ ఏడు పరీక్షలవ్వగానే బాబాయి దగ్గరికి వెళ్ళిపోతానమ్మా. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే పని ఇప్పిస్తానని మెసేజి పెట్టాడు."

"ఇంకో రెండేళ్ళలో చదువు అయిపోతుంది కదే! మన డిస్పెన్సరీలోనే ఉద్యోగం వస్తుంది."

"రెండేళ్ళు ఆ రోడ్డు పక్కన నువ్వు నిలబడతావా? అక్కడ బస్‌స్టాపులకు కప్పులుంటాయట, కూర్చోవడానికి బల్లలుంటాయట. ఈ ఊళ్ళో ఏముందమ్మా నాకు?"

ఈ ఇంటినుంచి ఒకడు వెళ్ళాడు, చాలదా? మరిది వెళ్ళిన ఏడాది కాగితాల్లో ఏదో తిరకాసు పడింది. అక్కడినుంచి కదిలితే మళ్ళీ లోపలికి రానివ్వరని అతను పదకొండేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఫోన్లోనే చూసుకున్నాడు. రెండేళ్ళు, కేవలం రెండేళ్ళు ఆ పిల్లను పట్టి ఉంచాలంటే బైపాస్ మీద ఒక రేకుల కప్పు కావాలి, ఒక లైటు కావాలి. ఆమె అడగనివాళ్ళు లేరు. రోడ్డువాళ్ళు బస్సువాళ్ళను అడగమన్నారు, బస్సువాళ్ళు రోడ్డువాళ్ళను అడగమన్నారు. ఇక మిగిలింది సంఘమే.

ఎన్నడూ నోరు తెరిచి ఏమీ అడగని మనిషి ఆ ఆదివారం మీటింగులో అడిగింది. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆలోచిస్తాం వదినా అన్నారు. మరుసటి ఆదివారం మరిది ముఖం వెలిగిపోతూ ఫోన్లో ప్రత్యక్షమయ్యాడు.

"వదినా, అందరం ఒప్పుకున్నాం! బస్టాండు కట్టిస్తున్నాం!"

ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "బైపాస్ మీద ఎక్కడ కడతారు అబ్బాయ్? పంక్చరు దుకాణానికి ఇవతలా, అవతలా?"

"బైపాస్ ఏంటి వదినా? మన పాత బస్టాండే. పాతవీధి చివర, పడిపోయింది కదా, దాన్ని మళ్ళీ ఉన్నదున్నట్టు లేపుతాం."

ఆమె నోట్లో గుండుసూదులు లేకపోబట్టి సరిపోయింది, ఉంటే మింగేసేది. "అబ్బాయ్, అక్కడికి బస్సు రాదు! నేను అడిగిందేంటి, మీరు కట్టేదేంటి?"

"బస్టాండు లేకే రావడం మానేసిందేమో వదినా. కట్టామనుకో, అదే వస్తుంది."

ఆమె ఇంకో నాలుగు మాటలు అనబోయింది. అంతలో ఓడ వంటవాడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు, గొంతు సవరించుకుని అన్నాడు. "మేమందరం అక్కడే కదా వదినా బస్సెక్కింది. ఎప్పుడైనా వస్తే అక్కడే దిగాలని."

ఇక వాళ్ళతో ఏం పోట్లాడుతుంది! ఫోను పెట్టేసి, ఒక చొక్కా జేబును తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ తలకిందులుగానే కుట్టింది.

బస్టాండు లేచింది. లేస్తూ లేస్తూ ఆమె ప్రాణాలు తోడేసింది. పాతదానికి వేసిన నీలం ఆకాశం రంగా, సిరా రంగా అని రెండు ఆదివారాలు వాదించుకున్నారు. బెంచీకి అడ్డపట్టీలు నాలుగా ఐదా అని ఇంకో ఆదివారం. మేస్త్రీ విసుగెత్తి అన్ని పట్టీలూ వేసి బెంచీ చేస్తే, టాక్సీ అతను ఫొటో చూసి ఉసూరుమన్నాడు. "మధ్యలో ఒకటి ఊడిపోయి ఉండేది వదినా. నా చెయ్యి అందులోనే ఇరుక్కుంది చిన్నప్పుడు. ఆ సందు లేక ఇది మన బెంచీలా లేదు." వదిన మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, కొత్త బెంచీకి ఒక పట్టీ ఊడబీకమని చెప్పింది. మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు. "నన్ను అడక్కు. పీకెయ్," అంది.

ఈ లోపు కూతురు పాస్‌పోర్టుకు ఫొటో దిగి వచ్చింది. పరీక్షలు దగ్గరపడ్డాయి.

ప్రారంభోత్సవం సాయంత్రం పెట్టుకున్నారు, నాలుగు దేశాలవాళ్ళకూ మెలకువ ఉండే వేళ అదేనట. అసలు కొసమెరుపు ఏమిటంటే, బస్టాండులోకి బస్సు రావడం వాళ్ళు కళ్ళారా చూడాలి. రాని బస్సును ఎక్కడినుంచి తేవడం? అద్దెకు తెమ్మన్నారు. తెచ్చింది. రంగు కాగితాలు అతికించిన ఒక ప్రైవేటు బస్సును మాట్లాడి, ఫలానా వేళకు పాతవీధిలోకి రమ్మని చెప్పి, వదిన ఫోను ఎత్తి పట్టుకుని నిలబడింది. చుట్టూ మేస్త్రీ, అతని కూలీలు, తోచక వచ్చిన కొందరు ముసలివాళ్ళు. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

ఫోను తెరమీద చిన్న చిన్న గళ్ళలో అందరి ముఖాలూ. మరిది పని మధ్యలో వచ్చినట్టున్నాడు, నెత్తిన ఇనప టోపీ అలాగే ఉంది. ఆసుపత్రి ఆవిడ మంచి బట్టలు కట్టుకుని కూర్చుంది. ఓడ వంటవాడి వెనక గిన్నెల చప్పుడు. అందరూ ఆత్రంగా వీధి మలుపు వైపే చూస్తున్నారు.

బస్సు రాలేదు. డ్రైవరు ఆమె పాత ఫోనుకు చేశాడు. "అమ్మా, ఈ వీధిలోకి బండి పట్టదు. రెండు పక్కలా లైటు స్తంభాలే. ఇప్పటికే ఒక అద్దం పోయింది. నేను వెనక్కి తీసుకుని బైపాస్‌కు పోతున్నా."

"వదినా, బస్సేది?" అన్నాడు మరిది.

"రాదు."

"రాకపోవడమేంటి? సరిగ్గా చెప్పావా లేదా?"

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. "చెప్పాను అబ్బాయ్, చాలా సరిగ్గా చెప్పాను. మీ స్తంభాలే దానికి సరిగ్గా చెప్పలేదు! ఎవరి గేటు ముందు వాళ్ళు పాతుకున్నారుగా, ఇక ఆ సందులో దూరమనండి బస్సును!" అంది. గళ్ళలో ముఖాలన్నీ చిన్నబోయాయి. అయినా ఆమె ఆగలేదు. "మీకు బస్సు కావాలి కదా? అది మీ దగ్గరికి రాదు. మిమ్మల్నే దాని దగ్గరికి తీసుకెళ్తాను, పదండి."

ఫోను ముందుకు చాచి పట్టుకుని విసవిసా నడిచింది. నాలుగు దేశాలు ఆమె చేతిలో ఊగుతూ నడిచాయి.

వాళ్ళకు బుద్ధి వస్తుందనుకుంది. పాతవీధి సగం దాటకముందే ఆ ఆశ పోయింది. "వదినా, వదినా, ఆగు, అదే మా గేటు! కొంచెం ఎడమకు తిప్పవా?" "మా తలుపుకు ఆ రంగు ఎవరు వేశారు?" "రంగు కాదు, చెద," అంది వదిన. "అయ్యో, మా గోడమీద తీగ అలాగే ఉందా?" రోడ్డు చూడండర్రా అంటే ఇళ్ళు చూసుకుంటున్నారు! ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. తిట్టుకుంటూనే ప్రతి గేటు దగ్గరా ఆగింది. ఓడ వంటవాడు ఏమీ అడగలేదు. అతని ఇల్లు పై అంతస్తు కూలిపోయి ఉందని ఆమెకు తెలుసు. ఆ గేటు దగ్గర తనంతట తానే నెమ్మదించింది. "చూశావా?" అంది. "చూశాను వదినా," అన్నాడు.

పాతవీధి అయిపోయి, స్తంభాలు అయిపోయి, ఎగువవీధి గతుకుల్లోకి వచ్చేసరికి వాళ్ళ గొంతులు తగ్గాయి. సిమెంటు ఇటుకల ఇళ్ళు, దండేలమీద తడి బట్టలు, గుమ్మాల్లో కూర్చున్న మనుషులు. ఎవరినీ వాళ్ళు పోల్చుకోలేకపోతున్నారు.

"దారి తప్పావా వదినా? ఇది మన ఊరు కాదు కదా?" అంది ఆసుపత్రి ఆవిడ.

"ఇదేనమ్మా మన ఊరు. నేనుండేది ఇక్కడే," అంది వదిన.

బైపాస్ చేరేసరికి వాన అందుకుంది. రంగు కాగితాల బస్సు అక్కడ లేదు, ఎప్పుడో వెళ్ళిపోయింది. పోతే పోయింది. అసలు బస్సు వచ్చే వేళే అది. ఆమె గొడుగు కూడా తెచ్చుకోలేదు. ఫోనుమీద అరచెయ్యి అడ్డుపెట్టి రోడ్డువైపు తిప్పి పట్టుకుంది. ఒక లారీ పోయింది, తెరంతా బురదనీళ్ళు.

బస్సు వచ్చి ఆగింది. పూర్తిగా ఆగనైనా లేదు, దిగండి దిగండి అంటూ కండక్టరు అరుస్తున్నాడు. ఇద్దరు మగవాళ్ళు దూకి పంక్చరు దుకాణం చూరు కిందకు పరిగెత్తారు. వాళ్ళ వెనక ఒక అమ్మాయి దిగింది. పుస్తకాల సంచీ వానకు తడవకుండా పొట్టకు హత్తుకుని, గుంట దాటబోయి జారి, మోకాళ్ళమీద పడి లేచింది. బస్సు లైట్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. చూరు కింద కూర్చున్నవాళ్ళెవరో ఈల వేశారు. ఆ పిల్ల అటు చూడలేదు, చూరు కిందకూ వెళ్ళలేదు. వానలోనే ఒంటరిగా నిలబడి తల్లికోసం అటూ ఇటూ చూస్తోంది.

ఫోన్లోంచి మరిది గొంతు వినిపించింది. "అయ్యయ్యో, ఎవరా అమ్మాయి? పాపం నిలువునా తడిసిపోయింది. వదినా, కాస్త నీ పక్కకు పిలువు. ఎవరి పిల్ల వదినా?"

వదిన ఫోనును పిల్లవైపే తిప్పి పట్టుకుంది. అనాలనుకుంటే అనడానికి ఎన్ని మాటలున్నాయి! కోపం మాత్రం ఎటు పోయిందో తెలియలేదు.

అమ్మాయి తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది. "ఈ వానలో ఫోను పట్టుకుని ఏంటమ్మా ఇది?" అంటూ తెర వైపు తొంగిచూసింది. ముఖాలన్నీ తనవైపే చూస్తున్నాయి. "బాబాయ్," అంది. "నేనే."

ఓడలో గిన్నెల చప్పుడు ఒక్కటే వినబడుతోంది. మరిది ఇనప టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అన్న కూతురిని చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా లైబ్రరీ, స్తంభాలు, సిమెంటు, రంగు. "పిల్ల బాగుందా వదినా?" అని చివర్లో ఒక ముక్క అడిగేవాడు. బాగుందనేది ఆమె.

"నువ్వు ఇక్కడికి రావద్దమ్మా," అన్నాడు చివరికి.

"అదేంటి బాబాయ్? పని చూశానన్నావుగా?"

"చూశాను. పని ఉంది. రావద్దు. వచ్చావనుకో, ఎప్పటికో ఒకనాడు మీ అమ్మ కూడా నిన్ను ఇలాగే చూసి, ఎవరి పిల్ల అని అడుగుతుంది."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. వదిన ముక్కు చీదుకుంది. కూతురిని పక్కకు లాక్కుని, ఇద్దరూ కనబడేలా ఫోను పైకెత్తింది.

"ఏడుపులు తర్వాత, అబ్బాయ్," అంది. "ముందు ఇక్కడ కప్పు వేయిస్తారా లేదా చెప్పండి. ఆదివారం దాకా కాదు, ఇప్పుడే చెప్పండి. ఇది తడుస్తోంది."